అల్లుణ్ణి కాటా ఎక్కిస్తావా!

ఆ రోజుల్లో పుస్తకం తప్పు చెప్పదని నమ్మేవాణ్ణి. ఇప్పటికీ నమ్ముతాను. తప్పంతా మనుషులది, అందులోనూ మా బావగారిది. తలుచుకుంటే ఈనాటికీ ఒళ్లు మండుతుంది. లాలాగూడలో ఒక బైకుల గ్యారేజీలో పగలంతా టైర్లు విప్పి, సాయంత్రం లైబ్రరీకి పోయి (నా చేతుల గ్రీజు చూసి లైబ్రేరియనమ్మ బల్ల మీద పాత పేపరు పరిచాకే పుస్తకం ఇచ్చేది) సస్పెన్షన్ గురించి దొరికిందల్లా చదివాను. రేసు బండికి వెనక స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలో నడిపేవాడి బరువును బట్టి తేల్చాలి. మరీ గట్టిదైతే మనిషిని ఎగరేస్తుంది, మెత్తదైతే బండి కూలబడుతుంది. మట్టి ట్రాకు మీద రేసులాడే మా అక్క మొగుడి బండికి స్ప్రింగు నన్నే ఎంచమన్నాడు మా ఓనరు. బండి బాగా పరిగెత్తితే టైర్ల నుంచి తప్పించి సస్పెన్షన్ పనిలో పెడతానన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి?

రేసుకు వారం ముందే అక్కా బావగారూ మా ఇంట్లో దిగారు. భోజనాల దగ్గర అడిగాను, "బావగారూ, మీ బరువెంత?"

"అరవై ఎనిమిది," అన్నారాయన, అక్క వైపు చూడకుండా.

ఎదురుగా ఆ పొట్ట కనిపిస్తూనే ఉంది! పక్కింటికి పరిగెత్తి బరువు చూసే మిషను తెచ్చాను. అమ్మ గరిటెతో వంటింట్లోంచి దూసుకొచ్చింది.

"ఇంటల్లుణ్ణి కాటా ఎక్కిస్తావా? ఆయనేమన్నా బియ్యం బస్తానా?"

"అది కాదమ్మా, లెక్క..."

"నీ లెక్క తగలెయ్య! అల్లుడుగారూ, మీరు కానివ్వండి, ఇంకో రెండు గారెలు వేస్తా."

ఆయన కానిచ్చారు. వారమంతా కానిచ్చారు! అల్లుడి మాట అబద్ధమనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది? నేనూ అరవై ఎనిమిదికే స్ప్రింగు వేశాను.

ఆదివారం రేసు. మొదటి గుట్ట దిగగానే బండి వెనక భాగం ధన్‌మని కూలబడింది, బావగారు వెనక్కి జారి బురదలో కూర్చున్నారు. (చర్చి ఎగ్గొట్టినందుకు శిక్ష అని అమ్మ అంటుంది. కాదు, గారెల శిక్ష!)

"ఏందిరా గిది? పొదిగే కోడి లెక్క కూసున్నది బండి!" అని అరిచాడు ఓనరు. "బుక్కులు సదివింది సాలు. రేపట్నుంచి మల్ల టైర్లే."

"స్ప్రింగు మెత్తగా పెట్టాడండీ, చిన్నవాడు కదా," అన్నారు బావగారు, ప్యాంటు దులుపుకుంటూ. చిన్నవాడట!

ఇప్పుడు నేరేడ్‌మెట్‌లో నాకు సొంత సస్పెన్షన్ షాపుంది. మొన్న అత్తగారింట్లో భోంచేస్తుంటే మా ఆవిడ తమ్ముడు, కొత్తగా రేసుల పిచ్చి పట్టినవాడు, నా కాళ్ల దగ్గర బరువు మిషను పెట్టాడు. "బావా, ఈసారి నా బండి మీరే నడపాలి. ఒక్కసారి ఎక్కండి, స్ప్రింగు లెక్క కట్టాలి." అత్తగారు గరిటెతో రానే వచ్చారు.

"అరవై ఎనిమిది," అన్నాను, మా ఆవిడ వైపు చూడకుండా.

వాడి మొహం ఎర్రబడింది. ఆ మొహం నాకు బాగా తెలుసు, లాలాగూడలో ఏళ్లపాటు నేను మోసుకు తిరిగినదే. పాపమనిపించింది. కానీ గారెలు వేడిగా ఉన్నాయి.