అద్దంలా మెరిసిన రోలు

ఆ పింగాణీ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ బిళ్ళలమ్మ అనేవారు. తెల్లని పొడిని రోట్లో నూరి, అచ్చులో నొక్కి, కొలిమిలో కాల్చి, చొక్కా గుండీ అంత బిళ్ళలు చెయ్యడం ఆమె పని. బాయిలరు పొగగొట్టంలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెప్పే పరికరానికి ఆ బిళ్ళే గుండెకాయ. పొడి పేరు జిర్కోనియా. అందులో కాస్త ఇట్రియా అనే ఇంకో పొడి కలుపుతారు. అలా కలపడం వల్ల లోపల ఆక్సిజన్ ఉండవలసిన చోట్లు కొన్ని ఖాళీ పడతాయి. కిక్కిరిసిన బస్సులో ఎవరూ కదల్లేరు. నాలుగు సీట్లు ఖాళీ అయితే జనం అటూ ఇటూ జరుగుతారు. ఇదీ అంతే. బిళ్ళ బాగా వేడెక్కాక ఆక్సిజన్ అయాన్లు ఒక ఖాళీలోంచి ఇంకో ఖాళీలోకి గెంతుతూ పోతాయి. రాగితీగలో ఎలక్ట్రాన్లు మోసే కరెంటును ఇక్కడ అవే మోస్తాయి.

ఆ మధ్య అవి సరిగా గెంతడం మానేశాయి.

ఎంత వేడిచేసినా మీటరు ముల్లు మొండికేసిన ఎద్దులా ఉన్నచోటే ఉండేది. బిళ్ళలమ్మ కొలిమిని తిట్టింది, మీటరును మొట్టింది, పొడి పంపినవాళ్ళను ఏడుతరాలదాకా దులిపేసింది. యజమాని గుమ్మంలోంచే, "ఈసారి కూడా పాడైతే ఈ గది మూసేస్తానమ్మా. కప్పులు ప్యాక్ చేసేచోట చేరుదువుగాని," అని వెళ్ళిపోయాడు. జుట్టు నల్లగా ఉన్ననాడు పట్టిన పని. ఇప్పుడు టీకప్పులకు గడ్డి చుట్టాలట!

దళసరి కళ్ళజోడు ఇంజనీరును అందరూ భూతద్దం అనేవారు. అతను ఒక బిళ్ళను విరిచి మైక్రోస్కోపు కింద పెట్టి పిలిచాడు.

"రేణువులు బాగానే ఉన్నాయమ్మా. రేణువుకీ రేణువుకీ మధ్య గాజులాంటి పొర పట్టింది. అయాను ఇంట్లో పరుగులు తీస్తోంది, గుమ్మం దాటలేకపోతోంది. గాజంటే కరిగిన ఇసుకే. ఎక్కడో ఇసుక కలుస్తోంది."

"ఇసుకా? నేనేమన్నా మేడ కడుతున్నానా బాబూ?"

"నన్ను కరిస్తే ఏం లాభం? వెతకండి."

వెతికింది. పొడి సంచి దులిపింది, అచ్చు విప్పింది, కొలిమిలో తలదూర్చి మసి పూసుకుంది. ఇసుక జాడ లేదు. విసిగి స్టూలు మీద కూలబడితే ఎదురుగా తెల్లని పింగాణీ రోలు. అందులో తన మసిమొహం కనిపిస్తోంది. ఇన్నేళ్ళలో ఆ రోట్లో మొహం కనపడిన పాపాన పోలేదు.

సామాను కడిగే పనిలో తన తోటికోడల్ని తనే ఈమధ్య చేర్పించింది. కేకేసింది.

"ఏమే, దీన్ని దేంతో తోమావు?"

"గిన్నెలు తోమే పొడితోనక్కా! ఇంటినుంచి తెచ్చా. ఉత్తనీళ్ళకి ఆ మకిలి వదుల్తుందా?" మెచ్చుకుంటుందనుకుందేమో, పిల్ల మొహం రోలుకన్నా మెరుస్తోంది.

"ఆ పొడిలో ఉండేదేంటే? మెత్తటి ఇసుక! ఉత్తనీళ్ళతోనే కడగాలని చెప్పారా లేదా?"

"చెప్పారు. మరి నువ్వేం చెప్పావు? కాపరానికొచ్చిన రోజునుంచీ, 'మొహం కనపడకపోతే అది తోమినట్టే కాదే' అని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరావు. తీరా మొహం కనపడితే దానికీ తిట్లేనా?"

బిళ్ళలమ్మ ఆ రోలును ఎత్తి గది బయట పెట్టేసింది.

కొత్త రోలు తెప్పించి నూరింది, కాల్చింది, మీటరుకు తగిలించింది. వేడి పెరిగేకొద్దీ ముల్లు లేచింది. చూడ్డానికి యజమాని కూడా వచ్చాడు. "ఇంతకీ తప్పెవరిది?" అన్నాడు. గోడవార తోటికోడలు గుడ్డను మెలిపెడుతూ నిలబడింది.

"నా నోటిదండీ," అంది బిళ్ళలమ్మ. ఆయనకేమీ అర్థం కాలేదు. అయినా గది మూయలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుంటే అంచంతా వేళ్ళకు జిడ్డు అంటింది.

"ఏమే, ఇది…"

"ఉత్తనీళ్ళతోనే కడిగానక్కా," అంది తోటికోడలు వంటింట్లోంచి.

బిళ్ళలమ్మ పళ్ళు కొరికింది. కంచం పట్టుకెళ్ళి తనే తోముకుంది, మొహం కనపడేదాకా.