సారు దగ్గు

హుజూరాబాద్ బడిలో మా ఇంగ్లీషు సారు, మేం మాట్లాడే వంతు రాగానే బోర్డువైపు తిరిగి నిలబడేవారు. "నా మొకం జూస్తే మీకు నోట్లెకెల్లి ఇంగ్లీషు రాదు. గీ ఈపుకు చెప్పుండ్రి," అనేవారు. మేం చెబుతుంటే ఆయన భుజాలు కదిలేవి. ఏమైంది సార్ అంటే, "సుద్దపొడికి దగ్గస్తుందిరా," అనేవారు. పాపమని ఇంట్లోంచి మిరియాలు తెచ్చిచ్చేవాళ్లం. వద్దనకుండా తీసుకునేవారు.

మొన్న వియత్నాంలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఉద్యోగంలో చేరాను. మొదటి క్లాసులో ఒక్కరూ నోరు విప్పలేదు. తలుపు దగ్గర ప్రిన్సిపాల్ నిలబడి చూస్తున్నారు. ఏం చేయాలో తోచక నేనూ బోర్డువైపు తిరిగాను. కాసేపటికి వెనకనుంచి ఓ సన్నటి గొంతు, "మై మదర్ ఈజ్ నూడిల్స్ షాప్!" అంది. ఇంకో గొంతు, "మై ఫాదర్ ఈజ్ టూ బఫెలో!" అంది. నవ్వు ఆపుకోలేక నా భుజాలు కదిలాయి.

ఏమైందని ప్రిన్సిపాల్ అడిగితే, సుద్దపొడికి దగ్గొచ్చిందన్నాను. అన్నాక గానీ గుర్తు రాలేదు, నా ముందున్నది వైట్‌బోర్డని.