గొంతు వినిపించని పొద్దున

మా అయ్య ఫిషింగ్ హార్బర్‌లో బోటు డ్రైవరు. ఎనభైల మొదట్లో నేను రేడియోలో క్యాజువల్ అనౌన్సర్‌గా చేరాను. నెలలో ఆరు రోజులు పిలుస్తారు, వెళ్లి మాట్లాడి రావాలి. మొదటి రోజు నా గొంతు వినడానికి మా వీధి వీధంతా మా గుమ్మం ముందు చేరిందట. నేనేమో అచ్చువేసిన పుస్తకంలా మాట్లాడాను. ఆడిషన్‌లో నెగ్గడం కోసం ఆరు నెలలు అద్దం ముందు నిలబడి నేర్చుకున్న మాట అది. "మీ గుంట దొరసాన్లాగ మాటాడతంది బావా" అని ఎవరో మా అయ్యతో అని నవ్వారట. గుంటంటే మా వైపు ఆడపిల్ల. నేను ఇంటికొచ్చేసరికి అయ్య చిరిగిన వల బాగుచేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"అది నీ గొంతుక కాదు. మనమంటే నీకు నామోసీ. ఇంకోపాలి ఆ గొంతుక నా సెవిన పడితే రేడియో కట్టేత్తాను."

"కట్టేసుకో," అన్నాను. కోపంలో నేను తండ్రికి తగ్గ కూతుర్నే.

ఆయన అన్నంత పనీ చేశాడు. నా గొంతు రాగానే లేచి మీట తిప్పేస్తున్నాడని అమ్మ చెప్పింది. కొన్నాళ్లకి ఇంట్లో ఉన్న ఒక్క రేడియోనీ బోటులోకి పట్టుకుపోయాడు. వేటకెళ్లేవాళ్లకి వాతావరణం తెలియొద్దా అన్నాడు. ఇంట్లో ఇంకెవరూ నన్ను వినకూడదని ఆయన పంతం, నాకు తెలియదా అనుకున్నాను. పూర్ణా మార్కెట్‌లో చేపలమ్మి వచ్చేటప్పుడు ఆయనకి బ్యాటరీలు తేవడం అమ్మ పని. "గాలీ వానా ఇనడానికి ఇన్ని బేటరీలేటి?" అని విసుక్కునేది.

ఆ ఏడు కార్తీకంలో అనౌన్సర్ల కొత్త జాబితా తయారవుతోందన్నారు. మాలో సగం పేర్లు ఎగిరిపోతాయట. నా పేరు ఉండాలని నేను మొక్కని దేవుడు లేడు. సరిగ్గా అప్పుడే, నా డ్యూటీ ఉన్న ఒక పొద్దున, ప్రసారాలు మొదలవడానికి ఇరవై నిమిషాల ముందు డ్యూటీ రూములో ఫోను మోగింది.

డ్యూటీ ఆఫీసరు గోదావరి జిల్లా మనిషి, నెమ్మదస్తుడు. ఫోనులో విన్నది రాసుకుని కాగితం నా ముందు పెట్టారు. వాయుగుండం తుపానుగా మారింది, వేటకెళ్లిన పడవలన్నీ వెంటనే తీరానికి రావాలి. అరగంటకోసారి చదవాలన్నారు.

అయ్య బోటు మూడింటికే వెళ్లిపోయింది. ఆయన రేడియో పెట్టగానే వినిపించేది నా గొంతే. మొదటి మాటకే మీట తిప్పేస్తాడు. ఆ వెనక వచ్చే హెచ్చరిక ఆయన చెవిన పడదు.

"మీరు చదవండి సార్," అన్నాను. "మొదటి మాట దగ్గర్నుంచీ అన్నీ మీరే చదవండి."

"ఒంట్లో బాగాలేదా అమ్మా?"

ఔనంటే సరిపోయేది. ఆ కంగారులో అబద్ధం తట్టలేదు. జరిగిందంతా చెప్పేశాను. ఆయన గడియారం వైపు చూశారు.

"డ్యూటీకి వచ్చి మాట్లాడనంటే రిపోర్టులో రాయకుండా ఉండలేనమ్మా. జాబితా తయారయ్యే వేళ. ఆలోచించుకో."

"రాసెయ్యండి సార్."

ఆయన మైకు ముందు కూర్చున్నారు. నేను పక్కన నిలబడి రికార్డులు మారుస్తూ ఉన్నాను. హెచ్చరిక మొదటిసారి చదివేటప్పుడే ఆయనకి దగ్గొచ్చింది. రెండోసారి కాగితం చేతిలోంచి జారి కింద పడింది. మైకు తెరిచే ఉంది, మాట లేదు. అలాంటప్పుడు ఖాళీ రానివ్వకుండా ఏదో ఒకటి అనడం మాకు మొట్టమొదట నేర్పిన పాఠం. నా నోరు దానంతటదే తెరుచుకుంది. చెయ్యి కొరుక్కుని ఆగాను. పంటి గాట్లు సాయంత్రం దాకా పోలేదు.

డ్యూటీ అవగానే హార్బర్‌కి పరుగెత్తాను. ఒక్కో బోటూ లోపలికొస్తోంది. మాది లేదు. వచ్చినవాళ్లని అడిగితే, మీ అయ్య అందరికంటే లోపలికి పోయాడన్నారు. ఐసు ఫ్యాక్టరీ గోడవార అమ్మ ఖాళీ గంప పట్టుకుని నిలబడింది. గాలి పెరిగింది. నేను నోరు మూసుకున్నా ఆయన వినలేదని, రేడియో అసలు పెట్టనే లేదని అనుకున్నాను. నా పంతాన్ని నేనే తిట్టుకున్నాను.

మధ్యాహ్నం దాటాక మా బోటు కనిపించింది. అయ్య తాడు కట్టకుండానే గట్టు మీదకి దూకి నేరుగా నా దగ్గరికొచ్చాడు. నెలల తర్వాత నాతో మాట్లాడాడు.

"ఏటైనాది నీకు?"

"నాకేటైనాది? తుపానని ఇని వొచ్చినావు కదా."

"తుపానులు ఏడాదికి పది సెబుతారు. అన్నిటికీ ఎనక్కి తిరిగితే కూడెవలెడతారు? ఇయ్యాల నీ డూటీ కదా అని రేడియో ఎట్టినాను. నీ గొంతుక రానేదు. ఎవలో ముసలాయన దగ్గుతన్నాడు. సానాసేపు సూసినాను. గుంటకేటో అయిపోనాదని బోటు తిప్పీసినాను."

"నా డూటీ ఉన్నప్పుడల్లా ఇంటన్నావా? కట్టేత్తానన్నావు?"

"ఇంటికాడ కట్టేత్తాను. బోటు మీద నా ఇట్టం."

నాకు ఏడుపొచ్చింది. ఆ పొద్దున నేను మామూలుగా చదివి ఉంటే ఆయన హాయిగా విని, హెచ్చరికని పక్కన పెట్టి, ఇంకా లోపలికి పోయేవాడు. ఎందుకు చదవలేదో మాత్రం ఆయనకి చెప్పలేదు.

"రేపు డూటీ ఉన్నాదా?" అనడిగాడు.

"నేదయ్యా. ఇంకెప్పుడు పిలుత్తారో తెల్దు."

ఆయన నా మొహంలోకి చూశాడు. బోటులోంచి రేడియో తెచ్చి, తువ్వాలుతో ఉప్పునీళ్లు తుడిచి, వెనక మూత తీసి, బ్యాటరీలు నా చేతిలో పెట్టాడు.

"ఇయి దాసి ఉంచు. నిన్ను మళ్లీ పిలిసినప్పుడు రేడియోలో ఏత్తాను."

నన్ను మళ్లీ పిలిచేదాకా, మూడు నెలలు, అవి మా గూట్లో ఉన్నాయి.