నూకరాజు మావ సాకెట్టు

సాకెట్టు ఎంచుకోవడం మా నూకరాజు మావకు వ్రతంతో సమానం. రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాక పూరీ గేట్ పేటలో తన ఇంట్లో కూర్చుని ఆంప్లిఫయర్లు తయారుచేస్తాడు. లోపలి సరుకంతా ఒక్క పూటలో బిగించేస్తాడు. వెనక కరెంటు తీగ గుచ్చే సాకెట్టు దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోతుంది.

ఈసారి ఆగిపోయింది మా గుడి ఆంప్లిఫయరు పెట్టె. శనివారం భజన నాగవల్లి టీచరుగారు పాడతారు. ఆవిడకు చూపు పోయింది, గొంతూ సన్నబడింది. మైకు లేకపోతే పాట ముందు వరుస దాటదు. పాత పెట్టె సాకెట్టు వదులై, చరణం మధ్యలో తీగ జారిపోయేది. ఎవరో లేచి గుచ్చేదాకా ఆవిడ తాళాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు.

"ప్రతిసారీ ఒకరిని లేపడం నాకు బాగాలేదు నాయనా. పై శనివారం కూడా ఇలాగే అయితే ఇంకెవరినైనా చూసుకోండి" అన్నారు పోయిన వారం.

నేను మావ ఇంటికి పరుగెత్తాను. కొత్త పెట్టె సిద్ధం. వెనక కన్నం మాత్రం ఖాళీ.

"సాకెట్టేది మావా?"

"కుదర్లేదురా."

వంటింట్లోంచి రత్నం అత్త అంది: "పెళ్ళికి నన్ను ఒకపాలి సూసి సరేనన్నాడు. సాకెట్టుకి ఇన్ని సూపులేటో."

ఇద్దరం ఖరిదా బజార్లో కరెంటు సామాన్లమ్మే జెర్రీ కొట్టుకు వెళ్ళాం. జెర్రీ ముందు రెండు పిన్నులది ఇచ్చాడు.

"ఎటు తిప్పినా దూరిపోతాది, ఎర్తూ లేదు. ఒద్దు."

కంప్యూటరు వెనక ఉండే మూడు పిన్నులది ఇచ్చాడు. మావ కళ్ళు మూసుకుని, వేళ్ళతో తడిమి, తీగ గుచ్చి లాగాడు. ఊడొచ్చింది. మరొకటి. మళ్ళీ కళ్ళు మూశాడు.

"అన్నా, మా చర్చిలో కూడా ఇంతసేపు ప్రార్థన సెయ్యరు. సాకెట్టుకి మొక్కుతున్నావేటి?" అన్నాడు జెర్రీ.

నేను నవ్వలేదు. మావ దేవుడి పని దేవుడికే అప్పగిస్తున్నాడనుకుని, చెప్పులు విడిచి చేతులు జోడించాను. సరుకు కోసం వచ్చిన బెంగాలీ పెద్దాయన నన్ను చూసి, ఏ పూజో తెలియకపోయినా తనూ గొడుగు చంకన పెట్టి దణ్ణం పెట్టాడు.

చివరికి జెర్రీ అడుగు అరలోంచి గుండ్రటిది తీశాడు. తీగ ఒక్క తీరుగానే దూరుతుంది. గుచ్చి తిప్పితే టక్కున కూర్చుంటుంది. మీట లాగితేగాని రాదు. మావ కళ్ళు మూసి గుచ్చాడు. టక్.

"ఇదే" అన్నాడు.

శనివారం నేను తీగ గుచ్చబోతే మావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. తీగ టీచరుగారికి అందించాడు.

"అమ్మా, పెట్టె ఎనక కుడిపక్క తడమండి. గుచ్చి తిప్పితే సప్పుడొస్తాది."

ఆవిడ వేళ్ళు సాకెట్టు అంచు చుట్టూ మెల్లగా తిరిగాయి. టక్. కొట్లో మావ ఎవరి చేతులతో వెతికాడో అప్పటికిగాని నాకు అర్థం కాలేదు.

"అయితే ఇంకెవర్నీ లేపక్కర్లేదా నూకరాజూ?"

"నన్ను కూడా లేపొద్దమ్మా. సుకంగా కూకుంటాను."

ఆవిడ నవ్వి తాళాలు అందుకున్నారు. పాట గుమ్మం దాటి చెప్పుల దాకా వెళ్ళింది. వెనక్కి తిరిగి చూస్తే మావ మళ్ళీ కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఇప్పుడు ఏ సాకెట్టు మావా?" అని చెవిలో అడిగాను.

"సాకెట్టు పని అయిపోనాది. ఇకనైనా దణ్ణం పెట్టుకోనీరా" అన్నాడు.