బెండు పలకల పరీక్ష

కుళమణి జెనా సంతకం లేనిదే మా కటక్ ఆసుపత్రిలో ఏ క్యాన్సర్ రోగికీ రేడియేషన్ మొదలవదు. జనం దాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఎవరికి ఎంత, ఎటునుంచి పెట్టాలో కంప్యూటర్ వేసే లెక్కను సరిచూసే ఫిజిసిస్టు ఆయన. ఆయన కింద పద్నాలుగేళ్లుగా మెషీన్ నడుపుతున్నాను. మహా చాదస్తుడు, నన్ను కాల్చుకు తిన్నాడు.

సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చినప్పుడల్లా పన్నెండు పాత కేసుల్ని దానిచేత మళ్లీ లెక్క కట్టించి, పాత అంకెలతో పోల్చడం ఆయన పద్ధతి. మొదటి కేసు ఎప్పుడూ తన అన్న ఆర్తత్రాణదే. ఊపిరితిత్తిలో గడ్డ. వైద్యం పూర్తయిన ఏడాదికే అదే చోట తిరగబెట్టి, తొమ్మిదేళ్ల క్రితం పోయాడు. "నా వల్ల ఏ లోటూ జరగలేదు భావుజా" అని వదిన సుకాంతికి అప్పుడు చెప్పిన మాటను పట్టుకునే ఈయన బతుకుతున్నాడు.

ఈసారి కొత్త సాఫ్ట్‌వేర్, ఆ గడ్డకు తొమ్మిది శాతం తక్కువ పడిందని చూపించింది.

"ఇదేదో తప్పులతడక సార్, వెనక్కి పంపేద్దాం," అన్నాను.

"నీళ్లలో కొలిస్తే పాతది ఎప్పుడూ సరిపోయేది కదా పీతాంబర్?"

"సరిపోయేది. అయినా ఊపిరితిత్తుల్లో నీళ్లుంటాయా సార్?"

నవ్వులాటకే అన్నాను. నా నోరు పడిపోను! ఆయన నవ్వలేదు. మనిషి ఒళ్లూ నీళ్లలాంటిదేనని, ఇన్నేళ్లూ మేం రేడియేషన్ కొలిచింది నీళ్లతొట్టిలోనే. తొట్టి ఉంది, అంకె కుదిరింది, సంతకం పడింది.

మర్నాడు బజారు నుంచి బెండు పలకలు తెచ్చాడు. బెండులోనూ ఊపిరితిత్తిలోలాగే గాలి ఉంటుంది. వాటి మధ్య కొలిచే పరికరం పెట్టించి, అన్నకు ఇచ్చినట్టే నాచేత మెషీన్ నడిపించాడు. మూడుసార్లు కొలిచాం. మూడుసార్లూ కొత్తదే నిజం చెప్పింది.

"కొత్తది పెట్టేసుకుందాం. పాతవి తవ్వుకోవడం దేనికయ్యా?" అన్నాడు పెద్ద డాక్టరు.

ఆ మధ్యాహ్నమే కుళమణి నన్ను వెంటబెట్టుకుని వదిన ఇంటికెళ్లాడు. ఆమె పఖాళ, అదే నీళ్లు పోసిన చద్దన్నం, వడ్డించబోయింది. ఆయన కూర్చోలేదు.

"భావుజా, అన్నకి పెట్టిన కరెంటు తక్కువ పడింది. లెక్క చూసింది నేనే."

"సరిగ్గా పడుంటే బతికేవాడా?"

"తెలీదు."

"తెలీదా? తొమ్మిదేళ్లూ తెలిసినట్టే చెప్పావు కదా కుళా!" గిన్నె కింద పెట్టింది. "ఇలాంటోళ్లు ఇంకెంతమంది?"

"నలభై ముగ్గురు."

"వాళ్లిళ్లకీ వెళ్తావా?"

"వెళ్తాను."

"వెళ్లు. ఇక్కడికి మాత్రం ఇంక రాకు."

ఆసుపత్రికి తిరిగొచ్చి, పెద్ద డాక్టరు వద్దన్నా, తక్కువ పడినవాళ్లందరి జాబితా రాయడానికి కూర్చున్నాడు. మొదట అన్న పేరే రాశాడు. నేను అటు చూడలేకపోయాను. పద్నాలుగేళ్లుగా ఆ తొట్టిలో నీళ్లు నింపింది నేనే.