విమలకుమారి సాక్ష్యం

పని పోయిన కూలీలకు భృతి ఇచ్చే ప్రభుత్వ కార్యాలయం అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్‌లో ఉంది. బాపట్ల నుంచి వచ్చిన విమలకుమారి అక్కడి కౌంటర్‌లో కూర్చునేది. పత్తిచేల నుంచి వచ్చిన మెక్సికన్ ఆడవాళ్లు పక్క కౌంటర్లు ఖాళీగా ఉన్నా ఆమె ముందే వరస కట్టేవారు. వచ్చీరాని స్పానిష్‌లో "కే పాసో?", ఏమైంది, అని అడిగేది మరి.

1988 ఎన్నికల్లో ఆ నోటికే ఎసరొచ్చింది. ప్రభుత్వోద్యోగులు పనిలో ఇంగ్లీషే మాట్లాడాలని ఆరిజోనా రాజ్యాంగంలో చేర్చాలా, వద్దా? జనం ఓటేసి తేల్చాలి.

ఎన్నికల ముందు శనివారం తెలుగువాళ్ల ప్రార్థన సంఘపెద్ద దైవాశీర్వాదంగారింట్లో జరిగింది. కాఫీల దగ్గర విమలకుమారి ఆ ఓటు మాట ఎత్తింది.

"మనకెందుకమ్మా విమలా? మనకి ఇంగ్లీష్ వచ్చుగా! ప్రేయర్‌లోకి పాలిటిక్స్ తేవద్దు."

"వస్తే మరి తెలుగులో ప్రార్థన ఎందుకండీ?"

"అది వేరు" అని ఆయన పాట ఎత్తుకున్నాడు.

ఆ సంఘంలో ఓ కట్టుబాటుంది. సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు తమంతట తాము కూర్చునేదాకా ఎవరూ ఆపరు. ఒకాయన కారు కొన్న వైనమంతా చెప్పినా ఓర్చుకున్నారు. పాట అవగానే విమలకుమారి లేచింది. దైవాశీర్వాదంగారు కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువు చేసిన మేలు చెప్తాను. దోన్యా లూపె అనే ముసలామెను 'పని నువ్వే మానేశావా' అని పక్క కౌంటర్‌లో ఇంగ్లీషులో అడిగితే, మర్యాదకి తలూపింది. తనంతట మానేసినవాళ్లకి భృతి రాదు, ఆమెకి పోయినట్టే. నేను ఆమె భాషలో అడిగాను. మెషిన్‌లో చెయ్యి నలిగితే మేస్త్రీ గెంటేశాడని చెప్పింది. రేపు నేనలా అడగకూడదట. అమ్మగారూ, మిమ్మల్ని ఇంగ్లీషులో అడిగితే ఏమంటారు?"

మూలన కూర్చున్న దైవాశీర్వాదంగారి తల్లి నవ్వింది. "ఏమంటానే! ఏదడిగినా యస్ యస్ అంటాను. ఆమెన్!"

ఎన్నికల మర్నాడు పొద్దున్నే ఆయన ఫోన్ చేశాడు. "అమ్మ ఊరుకోలేదు, నేనూ వద్దనే వేశాను. అయినా వెంట్రుకవాసిలో ఓడిపోయాం. జాగ్రత్తమ్మా, జాబ్ పోతుంది."

"పోతే నేనూ ఆ లైన్‌లోనే నిలబడతానండీ" అని ఆఫీసుకి బయల్దేరింది.

పై అధికారి ఆమె వెనకే వచ్చి నిలబడ్డాడు. వరసలో మొదటి మనిషి బెదురుగా ఆయన్నే చూస్తోంది. విమలకుమారి కుర్చీ ముందుకు లాక్కుంది.

"కే పాసో?" అంది, హాలంతా వినబడేలా.