ముప్పైముప్పై సోమనర్సయ్య

ఏ సంగతి మొదలుపెట్టినా దాన్ని తన తూటా దగ్గరికే తోలుకొచ్చి కట్టేసేవాడు మా సోమనర్సయ్య మామ. వానలు పడలేదంటే తూటా. పిల్లకు సంబంధం కుదరలేదంటే తూటా. ఊళ్లో ఎవరైనా పోతే పరామర్శకు వెళ్లి, “పాపం, మంచంల వడి శాన తిప్పలవడి పోయిండు. గదే నా ముప్పైముప్పై అయితే...” అని ఎత్తుకునేవాడు. ఆయన భార్య అంజమ్మత్త మామ భుజం మీది తువ్వాల పట్టి ఇవతలికి లాక్కొచ్చేది.

ముప్పైముప్పై అంటే దుప్పుల వేటకు పేరుపడ్డ పాతకాలపు తూటా. బొగ్గు గనుల్లో కొలువు చేసిన ఒక తెల్లదొరకు మామ గూడూరు అడవుల్లో దారి చూపేవాడు. ఆ దొర సీమకు తిరిగిపోతూ తుపాకీని, తూటాల పెట్టెను మామ చేతిలో పెట్టి పోయాడు. తుపాకీని మామ ఏనాడూ మెచ్చుకోలేదు.

“తుపాకి ఏందిరా, ఇనుప గొట్టం. నాగలి కర్రు గూడ ఇనుమే. తూటాను జూడు, తూటాను!”

నేను నెల్లికుదురు బడిలో మూడో తరగతి దాకా చదివాను. ఆపైన పంతులు దగ్గర నాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదని నేనే గ్రహించి మానేశాను. తర్వాతి చదువంతా మామ దగ్గరే. వేటలో డప్పు కొట్టి దుప్పులను పొదల్లోంచి లేపే పని నాది.

“దాని గొప్ప ఏంది మామా?” అని ఒకసారి అడిగాను. నా జీవితంలో నేను చేసిన ఏకైక తప్పు అది.

“అల్లుడూ, మన అడివిల ఎంత దూరం కనవడ్తది?”

“ఆ మోదుగ చెట్టు దాక.”

“మరి కోసుల దూరం ఉరికే తూటా నీకెందుకురా? సుట్టాలింటికి తోలుతవా? నాది జూడు. భుజాన్ని గుద్దదు, దుప్పి కూర కరాబు జెయ్యదు. తాకిందంటే దుప్పి కాడ్నే ఆగుతది. అది దెబ్బ తిని, ముండ్లల్ల వడి, ఏడ్సుకుంట సచ్చుడుండదు. పొయ్యేది గొప్ప కాదురా, ఆగేది గొప్ప.”

తూటా ఆగేది. మామ ఆగేవాడు కాదు.

అయినా దాని మహిమ కాదనలేం. పాకాల అడవిలో మామ ఒక దుప్పిని కొడితే, ఆ చప్పుడు విని పక్క పొదలోని అడవిపంది బయటికి వచ్చి, ఎందుకొచ్చిన గొడవని తనంతట తానే వెల్లకిలా పడుకుంది. ఇది నేను కళ్లారా చూశాను. జనగామ సంతలో చెబితే నవ్వారు. లింగాల ఘనపూర్‌లో చెప్పేటప్పటికి రెండు పందులు అయ్యాయి గాని, అది నా తప్పు కాదు.

ఇంతలో రజాకార్ల రోజులు వచ్చాయి. నిజాంకు ఎదురుతిరిగిన సంఘం వాళ్లు దళాలు కట్టి, తుపాకుల కోసం ఊరూరా తిరుగుతున్నారు. దళం నాయకుడు వెంకట్రాం ఇద్దరు మనుషులతో మామ ఇంటికొచ్చాడు.

“అన్నా, నీ తుపాకి ఇయ్యాలె. ప్రజల కోసం.”

“ఇస్త తమ్మీ. ముందుగాల తూటా సంగతి విను.”

అంజమ్మత్త పోసిన జొన్న గటుక చల్లారింది. వెంకట్రాం వెంట వచ్చిన ఇద్దరూ గోడకు ఒరిగి గురకలు పెట్టారు. చివరికి వెంకట్రామే తేరుకుని అడిగాడు.

“గివి మా తుపాకులల్ల వడ్తయా?”

“వడయ్.”

“ఇవి అయిపోతే కొత్తయి దొర్కుతయా?”

“యాడ దొర్కుతయ్?”

వెంకట్రాం లేచి మనుషులను తట్టి లేపాడు. “తుపాకి నీకాడనే ఉండనీ అన్నా. గీ ముచ్చట గూడ నీకాడనే ఉండనీ.”

ఆ వానాకాలంలోనే, దళానికి కబుర్లు మోసే టీక్యా అనే తండా పిల్లగాడికి పిక్కలో పోలీసు తూటా దిగింది. అడుగు తీసి అడుగు వేయలేక మా ఊళ్లో యాకమ్మ ఇంట్లో పడ్డాడు. యాకమ్మ ఒంటరి మనిషి. అంబలి పోసి, ఆకు పసరు కట్టి దాచింది.

ఒక పొద్దున నిజాం పోలీసుల అమీన్ గుర్రం మీద దిగాడు, వెనక జవాన్లతో. టీక్యా దొరికితే అక్కడికక్కడే కాలుస్తారు, యాకమ్మ ఇంటికి నిప్పు పెడతారు. పక్క ఊళ్లో అదే చేసి వచ్చారు. మగవాళ్లు నలుగురు టీక్యాను మంచంతో సహా ఎత్తి, పెరటి దారిన జొన్న చేలో దూరారు. చేను దాటి, వాగు దాటితే అడవి. కానీ వాగు పొంగి ఉంది, నీళ్లు తగ్గేదాకా ఇవతలే ఆగాలి; సోదా మొదలైతే జవాన్లు చేలను కూడా వదలరు.

అమీన్ మొదట మామ ఇంటి ముందే ఆగాడు. ఇక్కడ తుపాకీ ఉందని ఎవరో చెప్పారట. అప్పుడు అంజమ్మత్త మామ చెవి దగ్గరికి వంగి, పెండ్లయిన నాటి నుంచి ఎన్నడూ అనని మాట అన్నది.

“జర తూటా ముచ్చట వెట్టు.”

మామ ముఖం పండుగైంది.

“బందూఖ్ ఎక్కడ?” అన్నాడు అమీన్.

“ఇగో సాబ్. గని దీని తూటా సంగతి మీకు ఎరుకేనా?”

అమీన్ కూడా వేటగాడే. వేట ముచ్చట సగంలో లేచిపోతే, లేచినవాడి గురి తప్పుతుందని మా వైపు వేటగాళ్ల నమ్మకం. అమీన్ జవాన్లను ఆగమని, మంచం మీద కూర్చున్నాడు. మామ తెల్లదొర దగ్గర మొదలుపెట్టాడు. నేను గొడ్లను అదిలించే వంకతో వెనక్కి పోయి చూసొచ్చాను. టీక్యా మంచం ఇంకా వాగు ఇవతలే ఉంది. తల అడ్డంగా ఊపాను. మామ మరో దుప్పిని ఎత్తుకున్నాడు.

అడవిపంది దగ్గరికి వచ్చేసరికి అమీన్ లేచి నిలబడ్డాడు.

“బస్! నా గురి పోతే పోనీ. అరే బుడ్డా, నీది ముప్పై. మా సర్కారు తూటా మూడు వందల మూడు! చలో, తలాషీ!”

జవాన్లు లేచారు. మామ నా వైపు చూశాడు. నేను మళ్లీ తల అడ్డంగా ఊపాను. మామ గుటక మింగాడు. వేపకషాయం తాగేవాడి ముఖం కూడా అంత చేదుగా ఉండదు.

“సాబ్, నేను అడివి మనిషిని, నాకేం ఎరుక? మీ తూటా గొప్ప ఏందో జెప్పుర్రి. నేర్సుకుంట.”

చోద్యం చూడ్డానికి గుమిగూడిన జనంలో పోశాలు తాత నోట్లోంచి చుట్ట జారి పడింది. ఊళ్లో ఎవరూ గాలి పీల్చలేదు.

అమీన్‌కు అందరూ దండాలు పెట్టేవారు గాని, ఇంతవరకు ఎవరూ ఏమీ అడిగి ఉండరు. మెల్లగా మళ్లీ కూర్చున్నాడు. టోపీ తీసి పక్కన పెట్టాడు.

“సునో. మా తూటా బండను చీలుస్తది.”

“ఊ.”

“ఒక చెట్టులకెల్లి, రెండో చెట్టులకెల్లి పోయి, మూడో చెట్టుకు తాకుతది.”

“ఊ. మరి దుప్పి ఏ చెట్టు కాడ ఉండె సాబ్?”

అంజమ్మత్త దగ్గింది. మామ సర్దుకుని మళ్లీ ఊ కొట్టాడు. అమీన్ చెబుతూనే ఉన్నాడు. జవాన్లలో ఒకడు బీడీ వెలిగించాడు, ఇంకొకడు కునుకు తీశాడు. చివరికి అమీన్ మీసం దువ్వుకున్నాడు.

“ఇప్పుడు చెప్పు. ఏది గొప్ప?”

వాగు వైపు నుంచి ఇంకా ఏ కబురూ లేదు.

“మీదే సాబ్.”

“జోర్‌సే! ఊరంత వినాలె!”

“మీదే గొప్ప సాబ్!” అని మామ అరిచాడు. ఆ అరుపుకు కోళ్లు కప్పు మీదికి ఎగిరాయి.

తలాషీ జరిగింది. యాకమ్మ ఇంట్లో ఒక అంబలి కుండ, ఒక పిల్లి దొరికాయి. అమీన్ అంత సంతోషంలో ఉన్నాడు గనుక పిల్లిని కూడా ఏమీ అనలేదు. పోతూ పోతూ మామ తుపాకీని మంచం మీదికి విసిరి, “పిల్లల ఆటసామాను. నువ్వే ఉంచుకో” అన్నాడు.

మామ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

“ఓడిపోతివి గద మామా,” అన్నాను.

“ఓడిన. టీక్యా దాటిండా?”

“దాటిండు. ఇప్పుడే జూసొచ్చిన.”

“ఇగ సాలు. దీపం తియ్యి, కండ్లల్ల వడ్తాంది,” అన్నాడు. పట్టపగలు. దీపమేమీ లేదు.

కథ అక్కడితో అయిపోలేదు. తన మాట వినే మనిషి దొరికాడని అమీన్ వారం వారం రావడం మొదలుపెట్టాడు. జవాన్లు చెట్ల నీడన నిద్రపోయేవారు. ఆయన చెప్పినంతసేపు ఊళ్లో ఒక్క గడప కూడా సోదా కాలేదు. దళం వాళ్లు ఆ పూటే చూసుకుని వాగు దాటేవారు. మామ మంచం కోడు పట్టుకుని ఊ కొడుతూ కూర్చునేవాడు.

ఒకరోజు అమీన్ పోయాక మామ తల పట్టుకున్నాడు.

“తల్కాయ పలుగుతాందిరా అల్లుడూ. గదే ముచ్చట. గవ్వే మూడు చెట్లు. మనిషన్నంక ఎదుటోడు ఇంటున్నడో సస్తున్నడో జర జూడొద్దా?”

బియ్యం చెరుగుతున్న అంజమ్మత్త చేయి ఆపింది.

“నేను గీ ఇంటికి కాపురానికొచ్చినకాడికెల్లి గదే పని జేస్తాన,” అన్నది.

మామ తల మీంచి చేతులు తీశాడు. తర్వాత మంచం మీద జరిగి చోటిచ్చాడు.

“కూసో. ఇయ్యాల నువ్వు జెప్పు.”

“నేనేం జెప్పాలె?”

“ఏదన్న జెప్పు. ఇంట.”

అంజమ్మత్త చాట పక్కన పెట్టింది. కొంచెం ఆలోచించి, పుట్టింట్లో బర్రె ఈనిన సంగతి ఎత్తుకుంది. నేను మెల్లగా లేవబోతే మామ నా చేయి పట్టి కూర్చోబెట్టాడు. ఆ బర్రె ఈనేసరికి పొద్దు గూకింది.